మంచి చావు మనందరి పని



సంఘం వాళ్లు హాస్టల్ వార్డెన్లను పిలిచి, పిల్లలకు పనికొచ్చే మాట నాలుగు ముక్కల్లో చెప్పమన్నారు. చదువుల గురించి, ఉద్యోగాల గురించి పొద్దున్నుంచి చాలామంది చెప్పారు. మేము చావు గురించి మాట్లాడదామనుకున్నాం. ముందు వరుసలో ఇద్దరు ముగ్గురు ఒకరి ముఖం ఒకరు చూసుకుంటున్నారు. పదిమంది కలిసిన చోట ఈ మాటేమిటి అనిపించడం సహజమే. కానీ మనం ఇవాళ కలిసింది పోయిన పెద్దలను తలుచుకోవడానికి. వాళ్ల ఫొటోలకు దండలు వేశాం. వాళ్లు ఎలా బతికారో చెప్పుకున్నాం. వాళ్లు ఎలా పోయారు, రేపు మన ఇళ్లలో పెద్దలు ఎలా పోవాలి, అందులో మన పని ఏమిటి అనేది కూడా ఒకసారి మాట్లాడుకోవాలి.

ముందు మన ఆచారంలోకి వెళ్దాం. పుష్య మాసం అమావాస్యకు కేస్లాపూర్‌లో నాగోబా జాతర జరుగుతుందని మీకందరికీ తెలుసు. మెస్రం వంశం వాళ్లు జన్నారం మండలం కలమడుగు దగ్గర హస్తినమడుగుకు కాలినడకన వెళ్లి గోదావరి నీళ్లు తెస్తారు. టీవీల్లో ఇదంతా చూపిస్తారు. మహాపూజకు ముందు మర్రిచెట్ల కింద జరిగే తూమ్ గురించి మాత్రం మన పిల్లల్లోనే చాలామందికి తెలియదు. వంశంలో చనిపోయిన వాళ్ల పేరు మీద వాళ్ల కుటుంబాలు చేసే పూజ అది. అదే జాతరలో వంశంలోకి కొత్తగా వచ్చిన కోడళ్లను నాగోబాకు చూపించే భేటింగ్ కూడా ఉంటుంది. పోయినవాళ్లను సాగనంపేదీ, వచ్చినవాళ్లను కలుపుకునేదీ ఒకే చోట, ఒకే జాతరలో. వంశం అంటే బతికున్నవాళ్లు మాత్రమే కాదని మన పెద్దలు ఇలా చేసి చూపించారు.

మన గోండుల నమ్మకంలో మనిషి పోయాక జీవం భగవంతుడి దగ్గరకు వెళ్తుంది. ఆ మనిషి తాలూకు సనల్ తన వంశంలోని పెద్దల దగ్గరకు, పెర్సాపేన్ దగ్గరకు చేరుతుంది. కానీ ఆ చేరడం దానంతట అది జరగదు. ఇంటివాళ్లు, సగావాళ్లు, పర్ధాన్లు కలిసి చేయవలసినవి చేస్తేనే చేరుతుంది. మేము టీచర్ ట్రైనింగ్ చదివినవాళ్లం. నమ్మకాన్ని నమ్మకంగానే చెబుతున్నాం, సైన్సు పాఠంగా కాదు. అయినా ఇందులో ఈ కాలపు పిల్లలు పట్టుకోవలసిన మాట ఒకటి ఉంది. పోయే మనిషి ఒక్కడే మంచి చావు చావలేడు. చుట్టూ ఉన్నవాళ్లు దాన్ని మంచిగా చేయాలి. మేము చెప్పదలుచుకున్నది ఇదే. మిగతాదంతా అందులో మీ వంతు ఎంత అన్న లెక్క.

మొదటి లెక్క. ప్రతి చావునూ రాసిపెట్టి ఉందని ఒప్పుకోకూడదు. ఎనభై ఏళ్ల అవ్వ మనవళ్ల మధ్య కన్నుమూస్తే ఏడుస్తాం, మొక్కుతాం, సాగనంపుతాం. వానాకాలంలో జ్వరం వచ్చిన ఆరేళ్ల పిల్ల రక్తపరీక్ష కూడా లేకుండా పోతే అది కాలం తీరిన చావు కాదు. పాము కరిచిన మనిషిని రాత్రంతా మంత్రానికి కూర్చోబెట్టి తెల్లారాక ఆసుపత్రికి తీసుకుపోవడం, కాన్పు నొప్పులు పడుతున్న తల్లిని వాగు దాటించలేక ఒడ్డునే పోగొట్టుకోవడం కూడా అలాంటివే. మన ప్రాంతంలో చావు గురించి మాట్లాడేటప్పుడు ఈ తేడా ముందు చెప్పుకోవాలి. లేకపోతే మంచి చావు అనే మాట కింద ఇవన్నీ దాగిపోతాయి.

అందుకని మీలో ప్రతి ఒక్కరికీ కొన్ని విషయాలు నోటికి వచ్చి ఉండాలి. పాము కరిస్తే కోయకూడదు, గుడ్డతో బిగించి కట్టకూడదు, కరిచిన చెయ్యి గానీ కాలు గానీ కదలకుండా ఉంచి వెంటనే ఆసుపత్రికి చేర్చాలి. విషానికి విరుగుడు మందు సర్కారు ఆసుపత్రుల్లో ఉచితంగా ఇస్తారు. మంత్రం వేసే పెద్దాయన మీద గౌరవం ఉంటే ఆయన్ను కూడా బండిలో ఎక్కించుకుపోండి, దారిలో చదువుతాడు. జ్వరం వచ్చిన రోజే ఆశా దగ్గరో ఏఎన్ఎం దగ్గరో రక్తపరీక్ష చేయించాలి. సికిల్ సెల్ గురించి కూడా తెలుసుకోండి. 2023 జూలైలో మొదలైన జాతీయ కార్యక్రమం కింద గిరిజన ప్రాంతాల్లో పరీక్షలు చేస్తున్నారు. ఆ జబ్బు ఉన్న పిల్లను చూసి, ఎక్కువ రోజులు బతకదులే అనే మాట గూడెంలో వినబడుతుంది. ఆ మాట అననివ్వకండి. హైడ్రాక్సీయూరియా మందు డాక్టరు చెప్పినట్టు వాడుతూ, నీళ్లు బాగా తాగుతూ, జ్వరం వస్తే ఆలస్యం చేయకుండా ఉంటే చదువుకుని, పనిచేసుకుని బతకవచ్చు.

ఇక్కడే ఇంకో మాట. మన పిల్లలకు కుమ్రం భీం అంటే ప్రాణం. 1940లో జోడేఘాట్ గుట్టల్లో ఆయన నేలకొరిగాడు. ఏటా ఆశ్వయుజ పౌర్ణమికి అక్కడ వర్ధంతి చేసుకుంటాం. "చస్తే భీం లాగా చావాలి మేడం" అని కుర్రవాళ్లు మాతో అంటుంటారు. మేము ఒకటే చెబుతాం. భీం చావును వెతుక్కుంటూ పోలేదు. జల్, జంగల్, జమీన్ కావాలని అడిగాడు, పన్నెండు గూడేల జనం బతకాలని అడిగాడు. ఆయన దేనికోసం బతికాడో తెలుసుకుంటేనే ఆయన చావు అర్థమవుతుంది.

పరీక్ష తప్పామనో, ఎవరో మాట అన్నారనో, ప్రేమ విషయంలో అవమానం జరిగిందనో ప్రాణం తీసుకోవాలన్న ఆలోచన వచ్చినవాళ్లు ఈ సభలో కూడా ఉండవచ్చు. అలాంటి ఆలోచన వచ్చినంత మాత్రాన మీరు చెడ్డవాళ్లు కారు, పిరికివాళ్లు కారు. అది లోపల పెద్ద గాయం ఉందని తెలిపే గుర్తు. గాయానికి మందు ఉంటుంది. స్నేహితుడికి చెప్పండి, వార్డెన్‌కు చెప్పండి, రాత్రి రెండింటికైనా మా తలుపు కొట్టండి. ఎవరికీ చెప్పలేకపోతే 14416 నంబరుకు ఫోన్ చేయండి. అది టెలీమానస్, పైసా ఖర్చు లేదు, పగలూ రాత్రీ పలుకుతారు, తెలుగులో మాట్లాడతారు. పక్క మంచం మీది పిల్ల నాలుగు రోజులుగా తినకపోయినా, తన వస్తువులు ఊరికే పంచిపెడుతున్నా మీరే వచ్చి మాకు చెప్పండి. అది చాడీ చెప్పడం కాదు.

ఇక కాలం తీరుతున్న పెద్దల సంగతి. ఇప్పుడు మన ఇళ్లలో ఎక్కువగా జరుగుతున్నది ఏమిటంటే, తాతకు జబ్బు ముదిరాక ఎద్దులు అమ్మి, షావుకారు దగ్గర అప్పు తెచ్చి, పట్నం ఆసుపత్రికి తీసుకుపోతారు. అక్కడ డాక్టరు తెలుగులోనో ఇంగ్లీషులోనో మాట్లాడతాడు. తాతకు వచ్చింది గోండి. మధ్యలో నిలబడేది ఎవరు? చదువుకున్న మనవడో మనవరాలో. అంటే మీరే.

ఆ దుబాసీ పని చాలా బరువైనది. డాక్టరు "ఇది నయమయ్యే దశ దాటింది" అంటే, మనం తాతతో "సూది వేస్తే తగ్గుతుందట" అని చెప్పేస్తాం. బాధపెట్టడం ఇష్టం లేకే అలా చెబుతాం. కానీ దాంతో తాత తన విషయంలో తాను ఏమీ చెప్పుకోలేని మనిషి అయిపోతాడు. చేను ఎవరికి, అప్పు ఎంత, దేవుడి పని ఎవరు చూడాలి, మాటలు లేని తమ్ముడిని ఒకసారి పిలిపించాలి, ఇవన్నీ ఆయన కడుపులోనే ఉండిపోతాయి. ఉన్నదంతా ఒక్కసారిగా మీద పడేయమని మేము చెప్పడం లేదు. "తాతా, డాక్టరు ఏమన్నాడో నీకు చెప్పమంటావా?" అని ముందు అడగండి. వద్దంటే ఆగండి. చెప్పమంటే, పక్కన కూర్చుని, చెయ్యి పట్టుకుని, మన మాటలో మెల్లగా చెప్పండి. చాలామంది పెద్దలకు అప్పటికే తెలిసే ఉంటుంది. మనకు తెలుసో లేదో అని వాళ్లే మనల్ని చూస్తుంటారు.

డాక్టరును కూడా మూడు ప్రశ్నలు అడగండి. ఈ జబ్బు నయమవుతుందా? ఈ వైద్యం చేయిస్తే ఎన్నాళ్లు వస్తాయి, ఆ రోజులు ఎలా ఉంటాయి? ఇంటికి తీసుకుపోతే నొప్పి, ఆయాసం లేకుండా ఎలా చూసుకోవాలి? ఈ ప్రశ్నలు అడగడానికి భయపడవలసిన పని లేదు. నయమయ్యే జబ్బయితే ఎంత కష్టమైనా వైద్యం చేయించాల్సిందే. ముసలివాళ్లు కదా అని వదిలేయడానికి ఈ మాటలు వాడుకోకండి. నయం కాదని తేలినప్పుడు మాత్రం, చేను తాకట్టు పెట్టి గాజు గది బయట వారం రోజులు నిలబడటం కంటే, ఆ మనిషి ఏం కోరుకుంటున్నాడో అడగడం మంచిది.

నయం కాదని చెప్పగానే, ఇక చేసేదేమీ లేదని మనవాళ్లు అనుకుంటారు. చేసేది చాలా ఉంది. పాలియేటివ్ కేర్ అనే వైద్యం ఉంది. నొప్పి, వాంతి, ఆయాసం, పుండ్లు, భయం తగ్గించి, ఉన్న రోజులను ఓర్చుకోగలిగేట్టు చేయడం ఆ వైద్యం పని. తెలంగాణలో జిల్లా ఆసుపత్రుల్లో ఇందుకు కేంద్రాలు పెట్టారు. మంచం దిగలేని వాళ్ల ఇళ్లకు నర్సును తీసుకువచ్చే బండికి ఆలన అని పేరు. మీ జిల్లా కేంద్రానికి వెళ్లినప్పుడు ఈ కేంద్రం ఎక్కడుందో కనుక్కుని, మీ ఊరి ఆశాకు చెప్పి ఉంచండి. క్యాన్సర్ నొప్పికి మార్ఫిన్ మాత్రలు ఉన్నాయి. డాక్టరు చెప్పిన మోతాదులో వాడితే అది చావును తొందరపెట్టదు. నొప్పితో అరిచి అరిచి పోవడం ఎవరి రాతా కాదు.

ఇంటి దగ్గర చేయవలసినవి కూడా నేర్చుకోండి. మంచం పట్టిన మనిషిని రెండు గంటలకు ఒకసారి పక్కకు తిప్పాలి, లేకపోతే వీపు మీద పుండ్లు పడతాయి. చివరి రోజుల్లో ఆకలి తగ్గుతుంది. అప్పుడు జావ బలవంతంగా పోయకూడదు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. తడిగుడ్డతో పెదవులు తడిపితే చాలు. ఊపిరి ఆగి ఆగి రావడం మొదలైతే భయపడి పారిపోకండి. మాట లేకపోయినా చెవులు చివరిదాకా పనిచేయవచ్చని వైద్యులు చెబుతారు. అందుకని మంచం పక్కన ఆస్తి గొడవలు పెట్టుకోకండి. మనవాళ్ల పాటలు, మనవాళ్ల పేర్లు, మన గోండి మాటలు వినబడనివ్వండి.

చట్టం సంగతి కూడా ఒక ముక్క తెలుసుకోండి. గౌరవంగా చనిపోవడం కూడా జీవించే హక్కులో భాగమని సుప్రీంకోర్టు 2018 మార్చి 9న తీర్పు చెప్పింది. కోలుకునే ఆశ లేని స్థితి వస్తే నాకు యంత్రాల మీద ఊపిరి వద్దు అని, తెలివి ఉండగానే పెద్దవాళ్లు రాసిపెట్టుకోవచ్చు. 2023 జనవరిలో ఈ పద్ధతిని సులభం చేశారు. ఇద్దరు సాక్షుల ముందు సంతకం చేసి, నోటరీ చేతో గెజిటెడ్ అధికారి చేతో ధ్రువీకరించుకుంటే సరిపోతుంది. దాన్ని అమలు చేసే ముందు డాక్టర్ల బృందాలు రెండు పరిశీలిస్తాయి. అందరూ రాయాలని కాదు. ఇలాంటి మాట చెప్పుకునే హక్కు గూడెంలోని అవ్వకు కూడా ఉందని మీకు తెలియాలి.

ఇప్పుడు హాస్టళ్ల మాటకు వస్తాం. ప్రతి ఏడూ పరీక్షల ముందు మాకు ఇలాంటి ఫోన్లు వస్తాయి. "మేడం, ముసలాయన పోయేట్టున్నాడు. పిల్లకు చెప్పకండి, పరీక్షలు పాడవుతాయి." తల్లిదండ్రుల ప్రేమ మాకు అర్థమవుతుంది. పిల్ల చదువు మీద వాళ్లు పెట్టుకున్న ఆశ కూడా అర్థమవుతుంది. కానీ ఆ తాత దగ్గరే ఆ పిల్ల ఐదేళ్లు పెరిగి ఉంటుంది. పరీక్షలయ్యాక సంచి తీసుకుని ఇంటికి పోతే మంచం ఖాళీగా ఉంటుంది. కర్మ కూడా అయిపోయి ఉంటుంది. ఆ పిల్ల ఏడవడానికి కూడా చోటు ఉండదు. తర్వాత ఎప్పుడు ఇంటి నుంచి ఫోన్ వచ్చినా, ఇంకేం దాస్తున్నారో అని భయపడుతుంది.

అందుకని మేము తల్లిదండ్రులతో మాట్లాడి ఒప్పించి, పిల్లకు చెప్పే దారే చూస్తాం. పరీక్షకు పరీక్షకు మధ్య ఒక్క రోజు ఖాళీ ఉన్నా, పెద్దవాళ్లను రప్పించి పంపిస్తాం. పంపలేనప్పుడు వీడియో కాల్ పెట్టిస్తాం. చూసి వచ్చిన పిల్లలు ఏడ్చారు, ఆ తర్వాత పుస్తకం పట్టుకున్నారు. వెళ్లాలా వద్దా అన్నది పిల్లనే అడగాలి. తల్లిదండ్రులు కూడా ఇక్కడ ఉన్నారు కాబట్టి వాళ్లతో అంటున్నాం, మీ పిల్లలు మీరు అనుకున్నంత చిన్నవాళ్లు కారు. పిల్లలతో అంటున్నాం, పిలుపు వస్తే వెళ్లండి. పోయేవాళ్ల ముందు ఏం మాట్లాడాలో తెలియదని ఆగిపోకండి. ఏమీ మాట్లాడకుండా కూర్చున్నా చాలు.

మనిషి పోయాక కూడా మీ పని మిగిలే ఉంటుంది. మరణాన్ని ఇరవై ఒక్క రోజుల్లోగా పంచాయతీలో నమోదు చేయించాలి. చదవడం రాయడం వచ్చిన మీరే ఇది చేయాలి. ఆ కాగితం లేకపోతే ఆ ఇంటి ఆడమనిషికి పింఛను రాదు, బీమా రాదు. అటవీ హక్కుల చట్టం కింద వచ్చిన పోడు పట్టా అమ్ముకునేది కాదు గానీ వారసులకు చెందుతుంది. భార్యాభర్తలు ఉంటే ఇద్దరి పేర్ల మీదా ఇవ్వాలని ఆ చట్టమే చెబుతుంది. భర్త పోయిన ఇంట్లో ఆ పట్టా ఎవరి పేరున ఉందో, వారసుల పేర్లు ఎక్కాయో లేదో చూడండి. పోయిన మనిషి మనసు నిశ్చింతగా ఉండాలంటే వెనక ఉన్నవాళ్లు రోడ్డున పడకూడదు.

ఆ తర్వాత పేరు నిలపాలి. ఇంద్రవెల్లిని తలుచుకోండి. 1981 ఏప్రిల్ 20న తుపాకులకు మనవాళ్లు బలయ్యారు. ప్రభుత్వ లెక్క 13 మంది. చాలా ఎక్కువ మంది అని మన పెద్దలు చెబుతారు. ఆ తర్వాత ఎన్నో ఏళ్లు అక్కడి స్తూపం దగ్గర నివాళి కూడా ఆంక్షల మధ్యే జరిగింది. పోయినవాళ్ల కోసం నలుగురిలో ఏడవడం కూడా హక్కే అని మన జాతికి అనుభవం మీద తెలిసింది. ఆ హక్కును మన ఇళ్లలో మనమే వదులుకోకూడదు.

చివరగా మార్లవాయి. అక్కడ రెండు సమాధులు ఉన్నాయి. ఒకటి హైమన్‌డార్ఫ్ దొరది, ఒకటి ఆయన భార్య బెట్టీ ఎలిజబెత్ అమ్మది. ఎక్కడో యూరప్ నుంచి వచ్చినవాళ్లు. 1940లలో వచ్చి మన మధ్య ఉన్నారు, మన పిల్లలకు మన భాషలో చదువు చెప్పే టీచర్లను తయారుచేసే కేంద్రం అదే మార్లవాయిలో మొదలైంది. ఆమె 1987లో హైదరాబాద్‌లో, ఆయన 1995లో లండన్‌లో కన్నుమూశారు. ఏటా జనవరి 11న మనవాళ్లు అక్కడ కలుస్తారు, మొక్కుతారు. రక్తసంబంధం లేని మనుషులు మన పెద్దల్లో చేరిపోయారు.

అదే మార్లవాయి గుస్సాడీ కనకరాజు గారి ఊరు. 2021లో ఆయన పేరు పద్మశ్రీ జాబితాలో వచ్చింది. 2024 అక్టోబరు 25న, దండారి దగ్గరపడిన రోజుల్లో, ఆయన కన్నుమూశారు. ఆయన తన ఆటను తన ఒంట్లోనే దాచుకుని పోలేదు. కుర్రవాళ్లకు నేర్పించారు. దండారి వచ్చినప్పుడు ఆయన నేర్పిన కాళ్లు ఆడతాయి.

మీ ఇంట్లో ఉన్న పెద్దల దగ్గర కూడా ఇలాంటిది ఏదో ఒకటి ఉంటుంది. ఒక పాట, ఒక మందుమొక్క, వంశం కథ, వాగు పాత పేరు. ఈ సెలవుల్లో ఇంటికి వెళ్లినప్పుడు ఫోన్ పక్కన పెట్టి, లేదంటే రికార్డింగ్ పెట్టి, దగ్గర కూర్చోండి. రెండే అడగండి. "అవ్వా, నీ దగ్గర మేము నేర్చుకోవలసింది ఏముంది? చివరికి నిన్ను ఎలా చూసుకోవాలని నీకు ఉంది?" మొదటిదానికి నవ్వుతుంది. రెండోదానికి కాసేపు మాట్లాడకపోవచ్చు. మీరు లేచిపోకండి.